పావు తక్కువ డబుల్ బేస్

మా మండలికి డబుల్ బేస్ వచ్చిన రోజున లారీలోంచి దాన్ని దింపించిందీ నేనే, రసీదు మీద సంతకం పెట్టిందీ నేనే. అందుకని ఆ తర్వాత జరిగిన వాటిలో నా వాటా ఎంతో ముందే ఒప్పుకుంటున్నాను.

మండలి అంటే రాష్ట్ర పాశ్చాత్య వాద్య ప్రోత్సాహక మండలి, జిల్లా శాఖ. అప్పటికి దాని వయసు ఐదు నెలలు. పైవాళ్ళెవరో విదేశాలకు వెళ్ళారు. అక్కడ నూరుమంది నల్లకోట్లు వేసుకుని ఒక్కసారిగా వాయిస్తుంటే విన్నారు, కళ్ళు తుడుచుకున్నారు, విమానం దిగీ దిగగానే ‘జిల్లాకొక ఆర్కెస్ట్రా’ అని ప్రకటించారు. ఆర్కెస్ట్రా అంటే పెళ్ళిళ్ళలో పాటలు పాడేవాళ్ళని అనుకుని మా జిల్లా శాఖ మొదటి నెలంతా షామియానాలకు టెండర్లు పిలిచింది. తర్వాత సవరణ ఉత్తర్వు వచ్చింది.

నా పేరు అప్పలాచారి. అంతకు ముందు ఇరవై ఏడేళ్ళు పశుసంవర్ధక శాఖలో గేదెల టీకాల ఫైళ్ళు చూశాను. గేదెల ఫైళ్ళు చూసినవాడు వయొలిన్ల ఫైళ్ళు చూడలేడా అని నన్నిక్కడికి డెప్యుటేషన్ మీద పంపారు. మా డైరెక్టరు పరాంకుశం గారు గిడ్డంగుల శాఖ నుంచి వచ్చారు. సంగీతం గురించి ఆయనకూ నాకూ సమానమైన జ్ఞానం ఉండడం వల్ల మా మధ్య ఎన్నడూ అభిప్రాయభేదాలు రాలేదు.

మాకున్న ఒకే ఒక్క తెలిసిన మనిషి జెఫన్యా మాస్టారు. రైల్వే బ్యాండులో నలభై ఏళ్ళు బేస్ వాయించి రిటైరైన ఆరడుగుల మనిషి. పెట్టె మూత తెరిచింది ఆయనే. లోపల వయొలిన్‌కి పెదనాన్నలాంటి వస్తువు ఒకటి, నిలబెడితే ఆరడుగులుండేది, ఒళ్ళంతా తేనెరంగు వార్నిష్‌తో పడుకుని ఉంది. మా నాన్న వడ్రంగి. అంత మంచి చెక్కపని నేను మంచాల్లో కూడా చూడలేదు.

మాస్టారు దాన్ని నిలబెట్టి, భుజం ఆనించి, లావుపాటి తీగని ఒక్కసారి మీటారు. ఆ శబ్దం నాకు చెవుల్లో కాదు, పొట్టలో వినిపించింది.

దీన్ని నేర్చుకోవడానికి పిల్లలు కావాలి. ఎంపికకు ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. ముప్ఫై ఏడుగురు కీబోర్డు కావాలన్నారు. మిగిలింది చీరాల నుంచి వచ్చిన సలోమి. పదమూడేళ్ళు. ఎత్తు నాలుగడుగుల అయిదంగుళాలు. తల్లి దీనమ్మ ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే టైలరు. మాస్టారు బేస్ వాయిస్తుంటే ఆ పిల్ల దగ్గరికొచ్చి, అడక్కుండానే అరచెయ్యి దాని వీపు మీద పెట్టింది.

“సార్, ఇది చేతిలో వినబడతంది,” అంది.

“చర్చిలో పాడతావా అమ్మా?” అన్నారు మాస్టారు.

“పాడతాను సార్. అందరూ పైన పాడతారు. నాకు కింద పాడాలనుంటది. కింద ఎవురూ ఉండరు.”

మాస్టారు ఇంకెవరినీ పరీక్షించలేదు.

కష్టమల్లా మర్నాడు మొదలైంది. తీగలు బేస్ మెడ చివర ఒక చిన్న గట్టు మీంచి కిందికి దిగుతాయి. మనిషి నిటారుగా నిలబడితే ఆ గట్టు కనుబొమల దరిదాపుల్లో ఉండాలి. కుడిచెయ్యి ఊరికే వేలాడేస్తే, తీగల మీద లాగే కమాను పెట్టే చోటు అందాలి. సలోమిని నిలబెడితే గట్టు తల మీద జానెడు పైన ఉంది. చెయ్యి పైకెత్తి తీగ పట్టుకుంటే బస్సులో కమ్మీ పట్టుకున్న మనిషిలా ఉంది.

“ఇది ముప్పావు సైజు సార్,” అన్నారు మాస్టారు నాతో. “పెద్దవాళ్ళు వాయించేది. ఈ పిల్లకి పావు సైజు కావాలి. ఒక్క ముక్క రాసి పంపండి.”

రాసి పంపాను. పరాంకుశం గారు పిలిపించారు.

“పావు ఏమిటి ఆచారీ? ప్రభుత్వం పావు పనులు చేపట్టదు. ఇది విధానపరమైన అంశం.”

“వాద్యం పెద్దదయిందట సార్, పిల్ల చిన్నది.”

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, ఉత్తర్వు చెప్పారు. నేను రాసుకున్నాను: “వాద్యము ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తి యొక్క కొలతలను మార్చు అధికారము ఎవరికినీ లేదు. వాద్యకారిణి ప్రభుత్వ ఆస్తి కాదు గనుక, ఆమె కొలతలను మార్చుటకు ఎట్టి అభ్యంతరమును లేదు.”

అలా ఎత్తు పెంపు కమిటీ ఏర్పడింది. రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున, సలోమి ఇనప కడ్డీ పట్టుకుని వేలాడాలి. వారం వారం కొలత. మూడు వారాల తర్వాత కమిటీ నివేదిక ఇచ్చింది: “అభ్యర్థిని ఎత్తు నిలకడగా ఉన్నది. తగ్గుదల సూచనలు లేవు. ఫలితములు ఆశాజనకము.”

తర్వాత పద్దెనిమిది అంగుళాల బల్ల చేయించారు. పిల్లని దాని మీద నిలబెట్టారు. గట్టు అందింది గానీ, కమాను పెట్టవలసిన చోటు మోకాళ్ళ దగ్గరికి పోయింది. వంగి వాయించబోయి బల్లతో సహా పడింది. దెబ్బ తగల్లేదు. బల్లకు మాత్రం కాలు విరిగింది. దానికి నేను వేరే ఫైలు తెరిచాను.

“మనిషిని పెంచలేనప్పుడు వాద్యాన్ని దించాలి,” అన్నారు పరాంకుశం గారు. “గొయ్యి తవ్వించండి.”

సాధన గదిలో గచ్చు పగలగొట్టి గొయ్యి తవ్వడానికి రోడ్లు, భవనాల వాళ్ళు వచ్చారు. జానెడు లోతు చాలని మాస్టారు మొత్తుకున్నారు. వాళ్ళ దగ్గర కరెంటు స్తంభం గొయ్యికే కొలత ఉంది. నాలుగున్నర అడుగులు తవ్వారు. బేస్‌ని అందులోకి దింపితే, నూతిలో స్నానం చేస్తున్న పెద్దమనిషిలా తలా మెడా మాత్రమే బయట ఉన్నాయి.

సలోమి గొయ్యి అంచున నిలబడి లోపలికి చూసింది. “ఇప్పుడు నేను గూడా దిగాలా సార్?” అని అడిగింది.

మాస్టారు టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. గంట తర్వాత తిరిగొచ్చారు. ప్రారంభ కచేరీకి ఇరవై రోజులుంది. మంత్రిగారు వస్తున్నారు.

ఆ సాయంత్రమే పరాంకుశం గారు చివరి నిర్ణయం ప్రకటించారు. “తగిన ఎత్తు గల అభ్యర్థిని నియమించి, పొట్టి అభ్యర్థినిని తొలగించవలెను.” తగిన ఎత్తు కోసం ఆఫీసంతా వెతికితే మా వాచ్‌మన్ తాతబ్బాయి దొరికాడు. ఆరడుగుల రెండంగుళాలు. అతనికి బేస్ అప్పగిస్తే, గేటు దగ్గర కొత్తవాణ్ణి పట్టుకున్నట్టు దాని మెడ పట్టుకుని నిలబడ్డాడు.

“ఆయ్, దీన్ని ఎంతసేపు పట్టుకోవాలండీ?” అన్నాడు.

సలోమికి ఈ సంగతి చెప్పే పని నాకు పడింది. వెళ్ళేసరికి సాధన గదిలో బేస్ గొయ్యి పక్కన గోడకి ఆనించి ఉంది. పిల్ల ఇటుకల మీద నిలబడి, మునివేళ్ళ మీద లేచి, వాయిస్తోంది. నన్ను చూసి ఎడమచెయ్యి ఓణీ కింద దాచింది. చూపించమన్నాను. రెండు వేళ్ళకు తోలు లేచిపోయి ప్లాస్టర్లు వేసున్నాయి. మణికట్టు బూరెలా వాచింది.

“పర్లేదు సార్. నా పేరు తీసేత్తారా?”

మూలన కూర్చున్న దీనమ్మ లేచింది. ఆవిడ మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది. కొట్టు నుంచి అట్నుంచటే వచ్చినట్టుంది.

“సార్, మేం పిల్లకి కొలత తీసి జాకెట్టు కుడతాం. జాకెట్టు ముందు కుట్టేసి, పిల్లని అందులో పట్టేట్టు కొయ్యం. మీకు చదువుంది గదా, ఆ మాత్రం తెలవదా?”

పేరు తీసేసే కాగితం జేబులో ఉంది. అది ఇవ్వకుండానే వచ్చేశాను. ఇరవై ఏడేళ్ళలో నేను ఇవ్వని మొదటి కాగితం అది. దారంతా జేబు మీద చెయ్యి వేసుకునే నడిచాను.

రెండు రోజుల తర్వాత స్టాకు తనిఖీకి నిశ్శంకరావు గారు వచ్చారు. ఆయన పేరు చెబితే కలెక్టరాఫీసులో బీరువాలు కూడా సర్దుకుని నిలబడతాయి. వయొలిన్లు సరిపోయాయి. బాకాలు సరిపోయాయి. బేస్ పెట్టె దగ్గర ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, మూత మీద అచ్చువేసిన అంకెలు పైకి చదివారు.

“మూడు బై నాలుగు. అనగా ముప్పావు.”

“అవునండి,” అన్నారు పరాంకుశం గారు గర్వంగా.

“మిగతా పావు ఏదీ?”

పరాంకుశం గారు పెట్టె లోపలికి తొంగిచూశారు.

జెఫన్యా మాస్టారు ముందుకొచ్చారు. “అయ్యా, ముప్పావంటే అది పేరు మాత్రమే. లోకంలో నూటికి తొంభై మంది వాయించేది ఇదే. నేను ఆరడుగుల వాణ్ణి, నలభై ఏళ్ళు ముప్పావే వాయించాను.”

“అంటే రైల్వేలో కూడా నలభై ఏళ్ళుగా పావు మాయమవుతోందన్నమాట,” అని నిశ్శంకరావు గారు డైరీలో రాసుకున్నారు. “సంబంధిత శాఖకు తెలియపరుస్తాను.”

“ఇది మొత్తమేనండీ, ఎక్కడా ముక్క పోలేదు!”

“పోనిచో నిండు సంఖ్య వేసి ఉండెడివారు. గొయ్యి ఎందుకు తవ్వారు? పావు భాగమును పాతిపెట్టుటకా?”

పరాంకుశం గారు కుర్చీలో కూలబడ్డారు. నిశ్శంకరావు గారు వారం గడువిచ్చి వెళ్ళారు. ఆ వారంలో ఇద్దరు ఉద్యోగులు గొయ్యిలోకి దిగి వెతికారు. లారీ డ్రైవరు వాంగ్మూలం తీసుకున్నారు. పోలీసు ఫిర్యాదుకు చిత్తు కూడా రాయించారు: “పోయిన వస్తువు: డబుల్ బేస్‌లో పావు. గుర్తులు: మిగతా ముప్పావును పోలి యుండును.”

నేను ఆ చిత్తుని సాపు చేస్తూ మధ్యలో ఆగిపోయాను. పావు. వీళ్ళు వెతుకుతున్నది పావు. ఆ పిల్లకి కావలసిందీ పావే.

కొత్త కాగితం తీసుకుని నోటు రాశాను. నా ఉద్యోగంలో అంత జాగ్రత్తగా ఏ నోటూ రాయలేదు. “తనిఖీ అధికారి వారి అభ్యంతరము సహేతుకము. ముప్పావు చేరినది. పావు చేరవలసియున్నది. వెదుకుటలో కాలయాపన చేయక, పావు డబుల్ బేస్ ఒకటి తక్షణమే తెప్పించినచో లోటు పూడి, వాద్యము సంపూర్ణము కాగలదు. ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.”

పరాంకుశం గారు నోటు ఒకసారి చదివారు. రెండోసారి చదువుతూ ఉండగా ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది.

“ఆచారీ! నువ్వు ఇన్నాళ్ళూ గేదెల దగ్గర ఏం చేశావయ్యా!” అని సంతకం పెట్టేశారు.

మద్రాసులో మాస్టారికి తెలిసిన వాద్యాల కొట్టు ఒకటుంది. ఆయన ఫోన్ చేసి సలోమి ఎత్తు, చేతి పొడుగు, వేళ్ళ జాన అన్నీ చెప్పారు. ఆ కొలతలు దీనమ్మ తీసి, జాకెట్ల పుస్తకంలో వరసగా రాసిచ్చింది. కచేరీకి ఐదు రోజుల ముందు పెట్టె దిగింది. నిశ్శంకరావు గారు స్వయంగా వచ్చి ముందు నిలబడి మూత తీయించారు.

“పావు ఇంత ఉంటుందా?” అన్నారు అనుమానంగా. నిజమే, అది అయిదడుగుల ఒక అంగుళం ఉంది.

“ముప్పావు ఆరడుగులున్నప్పుడు పావు ఈ మాత్రం ఉండదా సార్?” అన్నాను నేను. అందులో ఏ తర్కమూ లేదు. కానీ గొంతు ఆఫీసు గొంతు. ఆయన తల ఊపారు.

మాస్టారు సలోమిని పిలిచారు. బేస్‌ని ఆ పిల్ల పొట్టకీ ఎడమ మోకాలికీ ఆనించి, కొంచెం వెనక్కి వాల్చారు. దీనమ్మ ఎవరూ అడక్కుండానే టేపు తీసి గట్టుకీ కనుబొమకీ మధ్య కొలిచింది.

“వేలెడు కూడా లేదు,” అంది. “పట్టింది సార్!”

సలోమి కుడిచెయ్యి వేలాడేసింది. కమాను ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. చూపుడువేలూ చిటికెనవేలూ చాపి తీగ మీద పెట్టింది. సాగదీయనక్కర్లేకపోయింది. లావు తీగ మీద కమాను ఒక్కసారి నెమ్మదిగా లాగింది. బీరువా తలుపులు అదిరాయి. గోడ మీద గడియారం కదిలింది. పిల్ల కమాను తీసేసినా, ఆ స్వరం ఆగేదాకా అలాగే నిలబడి, బేస్ మీద చెంప ఆనించి విన్నది. మాస్టారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

నిశ్శంకరావు గారు మాత్రం టేపు అడిగి తీసుకున్నారు. రెండింటినీ కొలిచి కలిపారు. “పదకొండు అడుగుల ఒక అంగుళం. ఇప్పుడు సంపూర్ణము.” పరాంకుశం గారు ఆ సాయంత్రమే పత్రికలకు ప్రకటన ఇచ్చారు: దేశంలోకెల్లా ఎత్తయిన డబుల్ బేస్ మన జిల్లాలో, రెండు భాగములుగా.

ఒక్క చిక్కు మిగిలింది. రెండు భాగాలూ కలిస్తేనే ఒక వాద్యం గనుక, ఒకదాన్ని వేదిక మీద పెట్టి రెండోదాన్ని గదిలో ఉంచితే, వాద్యాన్ని ముక్కలు చేసినట్టవుతుందని నిశ్శంకరావు గారు ఆక్షేపించారు. రెండింటినీ తాడుతో కట్టి లక్క ముద్ర వేయమన్నారు. మాస్టారు చేతులు జోడించాక, రాజీకి వచ్చారు: “భాగములు రెండును ఎల్లవేళలా ఒకే వేదికపై, ఆరడుగులకు మించని దూరమున ఉండవలెను.”

కచేరీ నాడు సలోమి పావుతో వేదిక ఎక్కింది. ఆమె పక్కన, నల్లకోటు చేతులు మోచేతుల దాకానే వచ్చిన తాతబ్బాయి ముప్పావు మెడ పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని ముట్టుకోవచ్చు గానీ వాయించకూడదని మాస్టారు ఒట్టు వేయించుకున్నారు.

మొదటి పాటలో వయొలిన్లు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. బాకా వాడు ముందు వెళ్ళిపోయి వెనక్కి చూశాడు. అంతా చెదిరిపోతుందనుకున్న చోట, అడుగు నుంచి సలోమి స్వరం వచ్చింది. ఒకటి, ఇంకొకటి, నిదానంగా, నడిచి వచ్చినట్టు. వయొలిన్లు ఒక్కొక్కటే దాని దగ్గరికి చేరుకున్నాయి. బాకా కూడా సిగ్గుపడి వచ్చి కలిసింది. ముందు వరసలో పరాంకుశం గారు కుర్చీ చేతులు పట్టుకుని, “ఆచారీ, కుర్చీ కొట్టుకుంటోందేమిటి?” అని గుసగుసలాడారు.

“అది పావు సార్,” అన్నాను.

ఆయన పాట అయ్యేదాకా కుర్చీ చేతులు వదల్లేదు. “ముప్పావు కంటే బాగుంది,” అన్నారు చివరికి.

దీనమ్మ ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. పేపర్లో ఫోటో తాతబ్బాయిది వేశారు. ఎత్తుగా ఉన్నాడు గనుక.

ఏడాది గడిచింది. వార్షిక తనిఖీలో నిశ్శంకరావు గారు వాద్యాలతో పాటు వాద్యకారుల్ని కూడా కొలిచారు. వాద్యాలన్నీ సరిపోయాయి. సలోమి సరిపోలేదు. వారంలోపు ఆ పిల్ల పేర మెమో వచ్చింది: “రికార్డుల ప్రకారము తమరి ఎత్తు నాలుగు అడుగుల అయిదు అంగుళములు. తనిఖీలో మూడున్నర అంగుళములు అదనముగా కనుగొనబడినవి. ముందస్తు అనుమతి లేకుండా పెరిగినందుకు తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.”

సలోమి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి జవాబు రాసిచ్చింది. “అయ్యా, నేను కావాలని పెరగలేదు. లంగాలు పొట్టి అయ్యేదాకా మా అమ్మకి గూడా తెలవదు. ఇంకా పెరిగేటట్టున్నాను. పావు బేస్ ఇప్పుడు నాకు కిందకి అయిపోయింది, నడుం నొప్పి వత్తంది. సగం సైజుది ఇప్పించగలరు.”

ఈసారి గొయ్యి తవ్వమంటారేమోనని నేను ముందే నోటు సిద్ధం చేసుకున్నాను. జరిగిన పెరుగుదలను రద్దు చేయుట సాధ్యము కాదు. కావున క్రమబద్ధీకరించుటయే మేలు. కుమారి సలోమికి అర్ధ అడుగు మేర పెరుగుటకు అనుమతి ఇవ్వవచ్చును. అర్ధ అడుగు పెరుగువారికి అర్ధ సైజు వాద్యము ఇచ్చుట న్యాయము. పరాంకుశం గారు ‘అర్ధ’, ‘అర్ధ’ అని రెండుచోట్లా వేలితో చూసుకున్నారు. సరిపోయిందన్నారు. సంతకం పెట్టారు.

ఉత్తర్వు పట్టుకుని సాధన గదికి వెళ్ళాను. సలోమి పావు బేస్‌ని ఒంగోలు నుంచి కొత్తగా వచ్చిన పదేళ్ళ పిల్లకి ఆనించి, “కుడిచెయ్యి ఊరికే వదిలెయ్, అదే దొరుకుద్ది,” అని చెబుతోంది. నా చేతిలో కాగితం తీసుకుని, పెదాలు కదుపుతూ చదివింది. అర్ధ అడుగు, అనగా ఆరు అంగుళములు, మార్చి ముప్ఫై ఒకటి లోపు వినియోగించుకొనవలెను. గడువు దాటినచో అనుమతి దానంతటదే రద్దగును.

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. “మూడున్నర అయిపోయింది. ఇంకా రెండున్నర ఉంది సార్.”

“ఉంది.”

“మార్చి లోపల పెరగాలా?”

“ప్రయత్నించమ్మా,” అన్నాను. “కాకపోతే గడువు పొడిగింపుకి రాస్తాను.”